మినీ డీవీ క్యాసెట్ల వీడియోను కంప్యూటర్‌లోకి ఎక్కించడం: అపోహలు – వాస్తవాలు

పాత పెళ్ళి వీడియోల మినీ డీవీ క్యాసెట్లను (చిన్న డిజిటల్ వీడియో టేపులను) ఎడిటింగ్ కోసం కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నందువల్ల, మంచి ఫుటేజీ కేవలం తప్పుడు నమ్మకాల వల్ల పాడవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను.

అపోహ: కెమెరాకు యూఎస్‌బీ పోర్టు ఉంటే చాలు.

వాస్తవం: చాలా మినీ డీవీ కెమెరాల్లో ఆ పోర్టును మెమరీ కార్డులోని ఫొటోల కోసమో, వెబ్‌క్యామ్ స్థాయి చిన్న చిత్రం కోసమో ఇచ్చారు. టేపు మీది వీడియో ఉన్నది ఉన్నట్టుగా రావాలంటే ఫైర్‌వైర్ అనే డిజిటల్ కనెక్షన్ పోర్టు వాడాలి. సోనీ కెమెరాల మీద దీన్నే ఐ-లింక్ అని రాస్తారు. ఒక చివర ఫైర్‌వైర్, మరో చివర యూఎస్‌బీ పిన్ను ఉండే చౌక కేబుళ్ళను దయచేసి కొనకండి. ఈ రెండు పద్ధతుల సిగ్నళ్ళు వేరు, వాటిని మార్చే చిప్ ఆ కేబుల్‌లో ఉండదు. డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు పెట్టుకోవడమే నా దృష్టిలో నమ్మదగిన మార్గం. మ్యాక్ వాడేవారు 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో నుంచి ఫైర్‌వైర్ మద్దతు తీసేశారని గమనించాలి.

అపోహ: ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల ఏవీ కేబుల్‌తో క్యాప్చర్ చేసినా (కంప్యూటర్‌లోకి ఎక్కించినా) ఫలితం ఒకటే.

వాస్తవం: టేపు మీద వీడియో ముందే డిజిటల్ రూపంలో ఉంది. ఫైర్‌వైర్ ఆ డేటాను యథాతథంగా నకలు తీస్తుంది. ఏవీ కేబుల్ దాన్ని అనలాగ్‌గా మార్చి పంపితే కంప్యూటర్ మళ్ళీ డిజిటల్‌గా మారుస్తుంది కాబట్టి అంచులు మసకబారి, రంగులు చెదురుతాయి. అంతకన్నా పెద్ద నష్టం, టేపులో దృశ్యంతోపాటు నమోదైన షూటింగ్ తేదీ, సమయం రాకపోవడం. ఆ సమాచారం ఉంటే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్ కెమెరా ఆపి మళ్ళీ మొదలుపెట్టిన ప్రతిచోటా క్లిప్పును విడగొడుతుంది. జీలకర్ర-బెల్లం ఒక ఫైలుగా, తలంబ్రాలు మరో ఫైలుగా వచ్చి ఎడిటింగ్ సగం తేలికవుతుంది.

అపోహ: ఫైలు కాపీ చేసినట్టు నిమిషాల్లో అయిపోతుంది.

వాస్తవం: గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, సుమారు 13 జీబీ జాగా కావాలి. డ్రైవు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు కాబట్టి 20 నిమిషాల లోపే క్యాప్చర్ ఆగిపోవచ్చు.

అపోహ: డిజిటల్ టేపు చెడిపోదు.

వాస్తవం: అది కూడా అయస్కాంత టేపే. తేమ తగిలితే బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు చుట్ట అంచున తెల్లటి పొడలు కనిపిస్తే కెమెరాలో పెట్టకండి, బూజు టేపును చదివే హెడ్‌కు, అక్కడి నుంచి తర్వాతి క్యాసెట్లకు అంటుకుంటుంది. తెర మీద చతురస్రపు గడులు వచ్చి ధ్వని తెగుతుంటే ముందు హెడ్ క్లీనింగ్ క్యాసెట్ వాడి చూడండి. ఎల్పీ మోడ్‌లో (లాంగ్ ప్లే, అంటే టేపును నెమ్మదిగా తిప్పి ఎక్కువసేపు రికార్డు చేసే పద్ధతిలో) తీసిన టేపులు మాత్రం, వీలైతే, రికార్డు చేసిన కెమెరాలోనే ఆడించాలి. వేరే కెమెరాలో అవి తరచూ సరిగా ఆడవు.