మహాబలిపురం శిల్పాలు, హిమాలయాల హద్దురాళ్లు

చెన్నైలో ఉండే తెలుగువాళ్ల ఇంటికి ఊరి నుంచి చుట్టాలొస్తే, మెరీనా తర్వాత తీసుకెళ్లేది మహాబలిపురానికే. 2019 అక్టోబరు 11, 12 తేదీల్లో అక్కడికి వచ్చిన అతిథి చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్. ప్రధాని మోదీ పంచె కట్టుకుని ఎదురెళ్లి అర్జునుడి తపస్సు, వెన్నముద్ద బండ, పంచరథాలు, సముద్రపు ఒడ్డున ఉన్న గుడి దగ్గరుండి చూపించారు. కంచి నుంచి చైనా వెళ్లాడని చెప్పుకునే బౌద్ధ గురువు బోధిధర్ముణ్ణి ఆ రోజుల్లో తలుచుకోనివాళ్లు లేరు. ఎనిమిది నెలలు తిరిగాయో లేదో, 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ ముందుండి నడిపిన కల్నల్ సంతోష్ బాబుది మన సూర్యాపేట.

మహాబలిపురానికి ఇది రెండో అనుభవం. 1956 డిసెంబరులో చైనా ప్రధాని చౌ ఎన్‌లై కూడా ఇవే శిల్పాలు చూసి వెళ్లారు. అది బుద్ధజయంతి 2500వ సంవత్సరం. టిబెట్ మతగురువులు దలైలామా, పంచెన్ లామా ఇద్దరూ మన దేశంలోనే ఉన్నారు. మరుసటి నెలలో చైనా పంపిన హ్యూయన్‌త్సాంగ్ ధాతువును, అంటే అస్థి అవశేషాన్ని, నలందాలో దలైలామా చేతుల మీదుగా నెహ్రూ అందుకున్నారు. దేశమంతా భాయీ భాయీ అంటున్న కాలం. 1959లో దలైలామా ప్రాణాలు అరచేత పెట్టుకుని మళ్లీ మన దేశానికే రావాల్సి వచ్చింది. 1962లో యుద్ధం వచ్చింది.

అసలు బౌద్ధ బంధాలతో స్నేహాలు కలుపుకునే ఈ దారిలో స్వతంత్ర భారతం తొలి అడుగు వేసింది 1949 జనవరిలో, కలకత్తాలో. బుద్ధుడి ప్రధాన శిష్యులు సారిపుత్రుడు, మౌద్గల్యాయనుల ధాతువులను 1851లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ సాంచీ ప్రాంతంలో తవ్వి తీశాడు. అవి లండన్ చేరి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఏళ్ల తరబడి ఉండిపోయాయి. బౌద్ధులు పట్టు వదలకుండా అడగడంతో తిరిగొచ్చిన ఆ ధాతువులను నెహ్రూ మహాబోధి సొసైటీకి అప్పగించారు. సొసైటీ తరఫున అందుకున్నది అప్పటి అధ్యక్షుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ. మతాన్ని దూరంగా ఉంచే నెహ్రూ, హిందూ మహాసభ నుంచి వచ్చిన ముఖర్జీ ఒకే పనికి చేతులు కలపడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. తర్వాత ఆ ధాతువులు బర్మా వెళ్లాయి, కొంత భాగం అక్కడే ఉండిపోయింది. 1952 నవంబరులో మిగిలినవాటిని సాంచీ కొత్త విహారంలో నిలిపినప్పుడు బర్మా ప్రధాని ‘ఊ ను’ స్వయంగా వచ్చారు. అంతర్యుద్ధంతో సతమతమవుతున్న కొత్త దేశానికి ఆ పలకరింపు ఎంత బలమిచ్చిందో ఊహించవచ్చు.

చైనా కూడా ఊరుకోలేదు. తన దగ్గరున్న బుద్ధుడి దంతధాతువును 1955లో బర్మాకు, 1961లో సింహళానికి పంపింది. కమ్యూనిస్టు ప్రభుత్వమే ఆ పని చేసింది. ఈమధ్య 2024లో థాయ్‌లాండ్‌కు, 2025లో వియత్నాంకు మనం ధాతువులు పంపినప్పుడు అక్కడ లక్షల జనం బారులు తీరారు. ఆ భక్తి నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన తెలుగునేలకు ఈ సంబంధాలు ఇంకా పాతవి. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో నాగార్జునకొండలో బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యం కట్టించి శాసనం వేయించింది. ఆ భిక్షువులు ధర్మం చాటిన నేలలుగా కాశ్మీరం, గాంధారం, చీనా పేర్లు అందులో ఉన్నాయి. అమరావతి శిల్పాల్లో కొన్ని లండన్ వెళ్లగా, చాలా భాగం ఇక్కడే చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒక గుండ్రటి పలక దగ్గర ఎవరైనా కాసేపు ఆగాలి. ఎడమవైపు మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తుంటే మేడ మీది ఆడవాళ్లు బెదిరిపోయి చూస్తుంటారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. చెన్నైకి వచ్చే ప్రతి ఆసియా దేశపు అతిథికీ ఆ పలక చూపించాలని నా కోరిక.

అదే ఎగ్మూరులో బుద్ధగయకు వెళ్లే శ్రీలంక యాత్రికులు బస చేసే మహాబోధి కేంద్రం ఉంది. 2011 జనవరిలో, తమిళ జాలర్ల మరణాల మీద ఆగ్రహం రగులుతున్నప్పుడు, దాని మీద దాడి జరిగి భిక్షువులు గాయపడ్డారు. జాలర్ల ప్రాణాలకు జవాబు చెప్పాల్సింది రెండు ప్రభుత్వాలు, దెబ్బలు తిన్నది కాషాయం కట్టిన సాధువులు. 2020 సెప్టెంబరులో బౌద్ధ సంబంధాల కోసం శ్రీలంకకు కోటీ 50 లక్షల డాలర్లు ఇస్తామని ఢిల్లీ ప్రకటించింది. మంచిదే. కానీ మన దేశానికీ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధిలో వలల గొడవ ఆ డబ్బుతో తీరేది కాదు. దానికి జాలర్లతోనే కూర్చుని మాట్లాడాలి.

చైనా విషయంలోనూ జరిగింది ఇదే. 2020 తర్వాత సేనాధికారులు, దౌత్యాధికారులు విడతలు విడతలుగా కూర్చుని, గస్తీ ఎవరు ఎక్కడిదాకా చేయాలో తేల్చుకున్నాక 2024 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. 2020 నుంచి ఆగిపోయిన కైలాస మానససరోవర యాత్ర 2025 జూన్‌లో మళ్లీ మొదలైంది. ముందు ఒప్పందం, ఆ తర్వాతే యాత్ర.