మీ అమ్మకు జబ్బేం లేదు

బిడ్డలారా,

అమ్మ ఊరికే కోప్పడుతోంది, రాత్రిళ్లు లేచి కూర్చుంటోంది, ఏమైనా జబ్బా అని అడిగారు కదా. జబ్బు కాదు. ముట్లు ఆగిపోయే ముందు కాలం ఇది. ఏరా చిన్నోడా, ఆడవాళ్ల సంగతి నాకెందుకని ఉత్తరం అక్కకిచ్చి లేచిపోకు, నువ్వూ చదువు.

వయసుతో అండాశయాల్లో అండాలు తరిగిపోతాయి. ఆ అండాశయాల్లోనే తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక నెల ఎక్కువగా, ఒక నెల తక్కువగా వస్తుంది. అందుకే నెలసరి ఒకసారి 20 రోజులకే వస్తే, ఇంకోసారి రెండు నెలలైనా రాదు. ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగమూ తికమకపడుతుంది. ఉన్నట్టుండి ముఖం, మెడ భగ్గుమని చెమటలు పోస్తాయి, కాసేపటికి తగ్గుతాయి. వీటినే వేడి ఆవిర్లంటారు. రాత్రంతా అలా లేస్తుంటే తెల్లారి ఎవరికైనా చిరాకే. పైగా మన నల్లగొండ ఎండలు!

వరుసగా 12 నెలలు రాకపోతేనే ముట్లు ఆగినట్టు లెక్క. ఎక్కువమందికి 45, 55 ఏళ్ల మధ్య ఆగుతాయి. మన దేశంలో కాస్త ముందే. అప్పటిదాకా గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. ఈ ముక్క మీకు కాదు, మీ నాన్నకు.

నా టెన్షనల్లా వేరే. మన దిక్కు బ్లీడింగ్ ఎక్కువైందంటే చాలు, "గర్భసంచి తీపిచ్చుకో, పీడ పోతుంది" అనేవాళ్లు వాడకొకరు. ఈ ఆపరేషన్లలో ఆంధ్ర, తెలంగాణ దేశంలోనే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. గర్భసంచి తీస్తే ముట్టు ఆగుతుంది కానీ వేడి ఆవిర్లు ఆగవు. అండాశయాలూ తీసేస్తే ఆ ఆవిర్లు ఒక్కసారిగా మీద పడతాయి, ఎముకలూ తొందరగా పలచబడతాయి. క్యాన్సరో, మందులకు లొంగని గడ్డలో ఉంటే తీయాల్సిందే, కాదనను. ముందు రక్తం, థైరాయిడ్, స్కానింగ్ పరీక్షలు చేయించాలి. చాలామందికి మందులతోనే తగ్గుతుంది. ఆవిర్లకూ మందులున్నాయి, డాక్టరు చూసి ఇస్తారు.

కీళ్లనొప్పులంటే మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీదికే నెట్టేస్తాం. ఈ వయసులో హార్మోన్ తగ్గినా వస్తాయి. సాయంత్రం అమ్మను నడకకు తీసుకెళ్లండి. పాలు, పెరుగు, నువ్వులు తిననివ్వండి, మీకు వడ్డించి మిగిలింది కాదు.

ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా, ఇప్పుడు ప్యాడ్ గంటకోటి తడిసినా, "అదే తగ్గుతుందిలే" అంటే వినకండి. వెంటనే లేడీ డాక్టరుకు చూపించమని నాన్నకు చెప్పండి. ఆయన నసిగితే నాకు ఫోన్ చేయండి.

మీ పెద్దమ్మ