పడమటి అద్దాలకు లోపల కర్టెన్ వేస్తే చల్లగైతదా? కొన్ని అపోహలు – వాస్తవాలు

మొన్న హన్మకొండల ఒక రిటైర్డ్ టీచరమ్మ మా ఆఫీసుకొచ్చింది, చేతిల కరెంట్ బిల్లు. పడమర మొకం ఇల్లు, ముందంత నీలం అద్దాలు, ఎవరో మందం కర్టెన్ వేస్తే సరిపోతదన్నరంట, వేసింది, దాని మీద ఇంకో పొర వేసింది, అయినా సాయంత్రం నాలుగింటికి హాల్ల కూసోరాదు. "నేనే ఏదో తప్పు చేసిన కద సార్" అంటది. ఆమె తప్పేం లేదు. ఈ మాట చాలమందికి చెప్పీ చెప్పీ ఇగ ఇక్కడ రాస్తున్న.

అపోహ: నీడ అద్దానికి లోపలున్నా బయటున్నా ఒకటే.

వాస్తవం: కానే కాదు. అన్నిట్లకెల్లి మనోళ్లకు ఎక్కువ పైసలు పోయేది ఇక్కడనే. కర్టెన్ కాడ ఆగిన ఎండ అప్పటికే ఇంట్లకొచ్చినట్టు. అద్దం వెలుతురును రానిస్తది గని, ఆ వెలుతురు తాకి కర్టెన్ వేడెక్కితే లేచే వేడిని మళ్ల అట్ల బయటికి పోనియ్యది. టీచరమ్మ ఇంట్ల అద్దానికి కర్టెన్‌కు నడుమ చెయ్యి పెట్టి చూసిన, మండుతున్న పొయ్యి పక్కన పెట్టినట్టుండె. ఆ వేడంత ఏసీ మొయ్యాలె. అదే నీడ బయట, కొంచెం జాగ ఇడిచి ఉంటే ఆ వేడి బయటి గాలిలనే కలిసిపోతది. అబుదాబిల 2012ల పూర్తయిన అల్ బహర్ టవర్ల జాలీ అట్లనే, ఎండ వచ్చిన దిక్కు గొడుగుల లెక్క విప్పుకుంటది, ఎండ పోతే ముడుసుకుంటది. అందరు దాని మోటర్లు చూస్తరు, నేనైతే ఆ జాలీ అద్దానికి సుమారు 2 మీటర్లు బయట ఉన్నది చూడుండ్రి అంట.

మన వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీదుంది, మే రెండో వారంల మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గ నెత్తిమీదుంటడు, అందుకే దక్షిణం గోడకు చిన్న సజ్జ చాలు. పడమటి ఎండ ఏటవాలుగ సజ్జ కిందికెళ్లే దూరుతది, అక్కడ నిలువు రెక్కలన్నా, దింపుకునే తడకలన్నా కావాలె.

అపోహ: ప్రకృతిని చూసి కట్టుడంటే ఎలివేషన్ మీద ఆకు డిజైన్ ఏసీపీ షీట్ (ప్లాస్టిక్‌కు రెండు దిక్కుల అల్యూమినియం రేకు అంటించిన పలక) కొట్టుడు.

ఆకారం కాదు, పని నేర్సుకోవాలె. పత్తికాయ ఎండితే దానంతటదే పగులుతది, మోటర్ లేదు, వైరు లేదు. పైన్ కాయ ఇంకా ముందుకు పోయింది, ఎండితే తెరుసుకుంటది, తడిస్తే మూసుకుంటది, దాన్ని చూసే జర్మనీల స్టుట్‌గార్ట్ వాళ్లు గాలిల తేమకు కదిలే సన్నటి చెక్క పొరలు చేసిండ్రు. మా ఊరి ఇంటికి పడమర దిక్కున్న వేపచెట్టు గూడ అంతే, చలి పోంగనే ఆకు రాలుస్తది, ఎండలు ముదిరేసరికి కొత్త చిగురుతోని నిండుతది.

అపోహ: పుట్ట లెక్క కడితే ఏసీ అక్కర్లేదు.

ఆఫ్రికాల జింబాబ్వే దేశం హరారేల 1996ల చెదపుట్టను చూసి కట్టిన ఈస్ట్‌గేట్ బిల్డింగ్ చూసి ఇట్ల అంటరు. ఆ ఊరు దగ్గర దగ్గర 1500 మీటర్ల ఎత్తుల ఉంటది, రాత్రి చల్లటి గాలి కాంక్రీట్‌ను చల్లార్చి పెడితే పగటికి పనికొస్తది. మనకు మే నెల రాత్రి గాలే వేడి.

మోటర్లు పెడితేనే పనైతదా అంటే, లేదు. పారిస్‌ల 1987 నాటి అరబ్ ఇన్‌స్టిట్యూట్ బిల్డింగ్ల కెమెరా కన్ను లెక్క తెరుసుకునే కిటికీలు చానా మటుకు ఏండ్లకేండ్లు ఆగిపోయి ఉండె.

టీచరమ్మకు వెదురు తడకలే కట్టిచ్చినం, అద్దానికి జానెడు బయటికి, తాడు, గిరక. ఒంటిగంటకు దింపుతది, పొద్దుగూకినంక లేపుతది. అద్దాలు పెట్టిచ్చుకున్నోళ్లు భయపడి పలగ్గొట్టకుండ్రి, బయట ఇనుప యాంగిళ్లు బిగిస్తే చాలు. కింది అంచు మాత్రం హుక్కులకు కట్టుండ్రి. మా ఇంట్ల మొదటి ఏడు కట్టలే, గాలిదుమారానికి ఒక తడక తెగి పక్కోళ్ల వాకిట్ల పడ్డది, ఆ టైంల పిల్లలు అక్కడ లేరు.