పులికాట్ కోటలో నిధి లేదు: గెల్డ్రియా కోటపై అపోహలు, వాస్తవాలు

కోరమాండల్ తీరంలో ఐరోపా కంపెనీలు కట్టుకున్న కోటల చరిత్రను బోధించడం, ఆసక్తి గలవారిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ శిథిలాలను చూపించడం నా వృత్తి. ఈ వృత్తిలో నన్ను ఎక్కువమంది అడిగేది కోటను ఎవరు కట్టారని కాదు, ఎప్పుడు కూలిందని కూడా కాదు. సూళ్ళూరుపేట, తడ, నాయుడుపేట వైపు నుంచి ఫోన్ చేసేవారిలో చాలామంది కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరికి గొంతు తగ్గించి, పులికాట్‌లోని డచ్చివారి కోటలో నిధి ఉన్నమాట నిజమేనా అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక చాలాసార్లు తాకట్టు పెట్టిన నగలు, అమ్మిన చెక్క పొలం ఉంటాయి. కాబట్టి మిగిలిన అపోహలను తర్వాత క్లుప్తంగా చూద్దాం. ముందు దీని సంగతి వివరంగా చెప్పవలసి ఉంది.

అపోహ: డచ్చివారు వెళ్ళిపోతూ తమ బంగారాన్ని గెల్డ్రియా కోట కింద పాతిపెట్టారు.

ఇది పూర్తిగా అబద్ధం. ఎందుకు అబద్ధమో తెలియాలంటే ఆ కోట ఎలా బతికిందో తెలియాలి. 1613లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పులికాట్ సరస్సు దక్షిణపు కొసన, సముద్రపు ముఖద్వారానికి దగ్గరగా ఈ కోటను నిలబెట్టింది. నాలుగు మూలల నాలుగు బురుజులతో, చుట్టూ కందకంతో ఉన్న ఈ కట్టడానికి, దాన్ని కట్టించిన అధికారి వెమ్మెర్ వాన్ బెర్ఖెమ్ స్వస్థలమైన గెల్డర్లాండ్ పేరు పెట్టారు. 1690లో ముఖ్యస్థానాన్ని నాగపట్నానికి మార్చేవరకు, కోరమాండల్ తీరంలో డచ్చివారి వ్యాపారమంతా ఇక్కడి నుంచే నడిచింది. ఆ వ్యాపారానికి ప్రాణం బట్ట. ఇక్కడి నేత బట్టలను, అద్దకపు వస్త్రాలను ఓడల్లో తూర్పు దీవులకు తీసుకువెళ్ళి, వాటికి మారుగా మిరియాలు, లవంగాలు, జాజికాయలు తెచ్చుకోవడమే కంపెనీ చేసిన పని. ఇక్కడి నేతగాళ్ళకు వర్తకుల ద్వారా నెలల ముందే బయానా ఇవ్వవలసి వచ్చేది కనుక, ఓడల్లో వచ్చిన వెండి బంగారాలను టంకశాలలో నాణేలుగా మార్చి వెంటనే ఊళ్ళ మీదికి పంపేసేవారు. పదిహేడో శతాబ్దం రెండో సగంలో జపాను నుంచి తెచ్చిన బంగారం సైతం ఈ తీరంలో వరహాలుగా మారి బట్టల కొనుగోలుకే ఖర్చయింది.

మరోవిధంగా చెప్పాలంటే, ఆ కోటలో డబ్బు నిలవ ఉండేది కాదు. ఓడలు ఆలస్యమైన సంవత్సరాల్లో కంపెనీ అధికారులే స్థానిక వర్తకుల దగ్గర అప్పు చేసేవారు. డచ్చివారు మలయ అని పిలిచిన అచ్యుతప్ప చెట్టి, ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి పులికాట్‌లో స్థిరపడిన తెలుగు వర్తకులు. వీరు సొంత ఓడలు నడిపారు, శిస్తులు గుత్తకు తీసుకున్నారు, రాజకీయాల్లోనూ తలదూర్చారు. అప్పటి పులికాట్‌లో సంపన్నులెవరని అడిగితే నేను ముందుగా చెప్పేది వీరి పేర్లే.

ఇక పాతిపెట్టి వెళ్ళారన్న మాటకు వద్దాం. ఇంగ్లీషువారు 1781లో పులికాట్‌ను పట్టుకున్నారు, 1785లో తిరిగి ఇచ్చారు, 1795లో మళ్ళీ తీసుకున్నారు, 1806 ప్రాంతంలో కోటను పనిగట్టుకుని కూల్చివేశారు. 1818లో ఊరు మళ్ళీ డచ్చివారి చేతికి వచ్చింది. 1824 నాటి ఒప్పందం ప్రకారం 1825 జూన్ 1న శాశ్వతంగా ఇంగ్లీషువారికి దక్కింది. ఈ వరుసను ఒక్కసారి నిదానంగా చూడండి. 1781లో ఎవరైనా హడావుడిగా ఏదైనా పాతి ఉంటే, 1785లో వచ్చి తవ్వుకోవడానికి వారికి అడ్డేముంది? 1795లో పాతి ఉంటే, 1818 తర్వాత ఏడేళ్ళపాటు ఊరంతా వారి చేతిలోనే ఉంది కదా? ఆ మధ్యలో ఇంగ్లీషువారు కోటనే పడగొట్టారు. చివరిసారి వెళ్ళినప్పుడు పారిపోలేదు, సంతకాలు చేసి అప్పగించి వెళ్ళారు. ఒక్కొక్క తుపాకీకి, ఒక్కొక్క బట్టల మూటకు లెక్క రాసుకున్న కంపెనీ అది. దాని చిట్టాల్లో పెద్ద భాగం నేటికీ హేగ్ నగరంలోని జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉంది.

కొంతకాలం క్రితం ఇద్దరు అన్నదమ్ములు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. సరస్సు ఒడ్డున కొద్దిపాటి పొలం ఉన్నవారు. పెద్దాయన సంచిలోంచి ఎర్రగుడ్డలో చుట్టిన రాగిరేకు ఒకటి తీసి బల్ల మీద పెట్టి, "సార్, ఇది ఒలందావాళ్ళ కాలం నాటి పటం, కొంచెం చదివి చెప్పండి" అన్నారు. రేకు మీద కోట ఆకారం, నాలుగు బురుజులు, ఒక పుర్రె గుర్తు, 1650 అనే సంవత్సరం ఉన్నాయి. బురుజు నుంచి నిధి వరకు దూరాన్ని మాత్రం మీటర్లలో రాశారు. మీటరు అనే కొలత ఫ్రాన్సులో పుట్టిందే 1790లలో అని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది దొంగదైతే అసలుది ఇంకెక్కడైనా ఉంటుందేమో సార్" అని అడిగారు. రేకు కోసం, పూజల కోసం, తవ్వకానికి మంచిరోజు చూసినందుకు కలిపి వారు ఇచ్చిన సొమ్ము ఆ కుటుంబానికి చాలా పెద్ద మొత్తం. పోలీసులకు ఫిర్యాదు చేయమని చెప్పాను. ఊళ్ళో తెలిస్తే తలెత్తుకోలేమని వారి భయం. మోసపోయినవారి ఆ సిగ్గే మోసగాళ్ళకు పెట్టుబడి అవుతోంది కనుక, ఇలాంటి స్థితిలో ఉన్నవారు దయచేసి మౌనంగా ఉండవద్దని వేడుకుంటున్నాను. నేరం మీది కాదు.

ఆ రేకు మీది పుర్రె గుర్తు గురించి ఒక మాట చెప్పాలి. కోటకు దగ్గరలో ఉన్న డచ్చి శ్మశానవాటిక ద్వారం దగ్గర అస్థిపంజరాల శిల్పాలు, లోపలి సమాధి ఫలకాల మీద చెక్కిన కపాలాలు ఉన్నాయి. వీటిని నిధికి కావలి గుర్తులని, శాపమని ప్రచారం చేస్తున్నారు. మనిషికి చావు తప్పదని చూసేవారికి గుర్తుచేయడానికి ఆ కాలపు ఐరోపా సమాధుల మీద ఇలా చెక్కడం సర్వసాధారణం. హాలండ్ చర్చిలలో కూడా ఇవే కపాలాలు కనిపిస్తాయి. ఆ సమాధులను పెకలిస్తే దొరికేది ఎవరో తల్లిదండ్రుల, పసిపిల్లల ఎముకలే. ఆ పని చేయడానికి ఎవరికీ హక్కు లేదు.

సొరంగం కథ కూడా దీనికి తోకలాంటిదే. కోట నుంచి చంద్రగిరికి సొరంగం ఉందని, అందులో వరహాల బిందెలు ఉన్నాయని అంటారు. చంద్రగిరి ఇక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. పులికాట్ నిలబడింది ఇసుక నేల మీద, ఉప్పునీటి సరస్సు అంచున. కాస్త లోతుగా గుంట తీస్తే నీరు ఊరే చోట సొరంగం ఎలా నిలుస్తుంది?

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వదంతులు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఏం తవ్వుకున్నా పట్టించుకునేవారు లేరన్నది ఒకటి, ఏదైనా దొరికిందని చెబితే ప్రభుత్వం చెప్పినవారినే జైల్లో వేస్తుందన్నది రెండోది. రెండూ తప్పే. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అలాకాక, బావి తవ్వుతుంటేనో పునాది తీస్తుంటేనో అనుకోకుండా పాత సొమ్ము ఏదైనా దొరికితే, దాని విలువ పది రూపాయలకు మించిన పక్షంలో కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. తెలియజేసినవారికి ఆ చట్టం వాటా కూడా కల్పించింది. శిక్ష దాచినవారికే.

అపోహ: ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం కోట్లు పలుకుతుంది.

పులికాట్ తీరంలో అప్పుడప్పుడు డచ్చి కంపెనీ ముద్ర ఉన్న రాగి నాణేలు దొరుకుతాయి. అవి దొరికిన పిల్లవాడి సంతోషం నాకు తెలుసు, కానీ పద్దెనిమిదో శతాబ్దంలో ఇలాంటి నాణేలను లెక్కలేనన్ని ముద్రించారు కనుక సేకర్తలు వాటికిచ్చే వెల సామాన్యమే. దేవుళ్ళ బొమ్మలతో, 1616 అనో 1818 అనో సంవత్సరం వేసి, కంపెనీ అర్ధణా అంటూ అమ్మేవి అసలు చెలామణి నాణేలే కావు. కంపెనీ తన ప్రాంతాలన్నిటికీ ఒకే తీరు నాణేలను 1835లో తెచ్చింది, ఆ తరహా అర్ధణాలు ఆ తర్వాతివే. ఇక బియ్యాన్ని లాగే నాణెం, ఇరిడియం చెంబు అంటూ 'రైస్ పుల్లింగ్' పేరుతో నడిచే దందా పచ్చి మోసం. ఇరిడియం అనే లోహాన్ని కనుగొన్నదే 1803లో. ఆ లోహం బియ్యపు గింజను లాగదు. గింజలకు ఇనుప రజను పట్టించి అయస్కాంతంతో చేసే గారడీ అది. దీనికి డబ్బు కట్టినవారు ఎవరైనా ఉంటే ఇంకొక్క రూపాయి కూడా కట్టకండి.

అపోహ: కోట సరస్సు మధ్యలో దీవి మీద ఉంది.

లేదు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, కోట ఉన్న పులికాట్ ఊరు తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలో, ఒడ్డు మీదనే ఉంది. శ్రీహరికోట దారిలో ఆగి నీటి మధ్య కోట కోసం వెతకకండి. వెళ్ళినా గోడలు, బురుజులు నిలబడి కనిపించవు. కందకం జాడ, సర్కారు తుమ్మ పొదల కింద శిథిలాల దిబ్బలు కనిపిస్తాయి. చూడదగినది శ్మశానవాటిక.

అపోహ: విదేశీయులు దండెత్తి వచ్చి ఈ నేలను గుంజుకుని కోట కట్టారు.

ఆరవీటి వంశపు విజయనగర రాజు వేంకటపతి రాయలతో 1610లో ఒప్పందం చేసుకుని, ఆయన అనుమతితోనే డచ్చివారు ఇక్కడ అడుగుపెట్టారు. ఈ ఊరి ఆదాయం అప్పట్లో ఆయన రాణి చేతిలో ఉండేది. 1612లో నేటి చెన్నైలోని శాంథోము నుంచి పోర్చుగీసువారు వచ్చి వర్తకశాలను ధ్వంసం చేసిన తర్వాతే కోట అవసరమైంది. డచ్చివారు అడుగుపెట్టాక ఇంగ్లీషువారికి ఇక్కడ చోటు దొరకడం కష్టమైంది. 1611లో వారి గ్లోబ్ ఓడ పులికాట్‌లో చుక్కెదురై నిజాంపట్నానికి, బందరుకు సాగిపోయింది. తర్వాత ఒక ఒప్పందం మీద కొద్దికాలం ఇక్కడే ఉన్నా, సైనికుల ఖర్చులో సగం భరించలేక వెళ్ళిపోయి, 1626లో నెల్లూరు తీరంలోని దుగరాజపట్నంలో స్థావరం పెట్టుకున్నారు. అక్కడా పొసగక 1639లో మద్రాసుకు నేల సంపాదించారు. మద్రాసు పుట్టుకకు పులికాట్ కోట ఒక కారణమని నేను తరగతిలో చెబితే విద్యార్థులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

అపోహ: డచ్చివారు వ్యాపారం తప్ప ఎవరి జోలికీ పోని మంచివారు.

ఈ మాట వింటే నాకు బాధ కలుగుతుంది. 1620ల నుంచి ఈ రేవు మీదుగా బటావియాకు (నేటి జకార్తా) బానిసలను ఎగుమతి చేశారు. కరువు వచ్చిన ఏడాది ఆ ఎగుమతి పెరిగేది. తిండి లేక తమను, తమ పిల్లలను అమ్ముకున్న మనుషులు ఈ సరస్సు నుంచే పడవలెక్కారు. కోట పరిధిలో తుపాకీ మందు తయారీ కూడా జరిగింది, ఆ మందు ఆగ్నేయాసియా యుద్ధాలకు వెళ్ళింది. బట్టల కథ చెప్పి ఈ కథను వదిలేయడం న్యాయం కాదు.

అపోహ: కోటలో సైనికులు, గుమాస్తాలు తప్ప మరొకరు లేరు.

1632 నుంచి 1642 వరకు ఇక్కడ మతబోధకుడిగా ఉన్న అబ్రహాం రోజెరియస్, పద్మనాభుడనే బ్రాహ్మణుని సాయంతో మన ఆచారాలను నమోదు చేసుకున్నాడు, భర్తృహరి శ్లోకాలను డచ్చి భాషలోకి తెచ్చాడు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1651లో లైడెన్‌లో అచ్చయింది.

అపోహ: శ్మశానవాటిక రక్షిత కట్టడం కనుక చుట్టుపక్కల ఇళ్ళన్నీ కూల్చేస్తారు.

అక్కడి కుటుంబాలు ఈ భయంతో నన్ను అడుగుతున్నందున స్పష్టంగా చెబుతున్నాను. చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆ పైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకుని కట్టుకోవాలి. ఎప్పటి నుంచో ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు చేసుకునే దారి ఉంది. పత్రాలు సిద్ధం చేసుకోండి, ఇల్లు ఎప్పుడు కట్టారో తెలిపే పన్ను రసీదులు, విద్యుత్ బిల్లులు భద్రపరచుకోండి. అనుమతి ఇప్పిస్తానని డబ్బు అడిగే మధ్యవర్తిని నమ్మకుండా నేరుగా అధికారుల దగ్గరే దరఖాస్తు చేయండి.