గేటు బయటి ఇంట్లోకి కమాండర్ రావచ్చా?

"శనివారం పొద్దున అందరి ఇళ్లకూ వస్తాం, బయట అద్దెకుండేవాళ్లతో సహా." అమెరికా సైన్యంలో ఏ యూనిట్‌లోనైనా ఇలాంటి మెసేజ్ పడిందంటే పాత గొడవ మళ్లీ లేచినట్టే. బాగోగులు కనుక్కోవడానికే అని సార్జెంట్లు అంటారు. ఇది సోదా అని సైనికులూ వాళ్ల భార్యలూ అంటారు. అకారణ సోదాల నుంచి కాపాడే అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ ఎలా పుట్టిందో, యూనిఫాం వేసుకున్నాక హక్కులు కొంత ఎందుకు కుదించుకుపోతాయో చాలామందికి తెలుసు. ఆ కథ వదిలేద్దాం. ఇవాళ్టి తగువు తేలేది 1980 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన ఒక నిబంధనలో ఉన్న ఆరు మాటల దగ్గర.

ఆ ఏడాది మార్చి 12న అధ్యక్షుడు కార్టర్ 12198వ నంబరు ఉత్తర్వుతో సైనిక కోర్టులకు కొత్త సాక్ష్య నిబంధనలు తెచ్చారు. అందులో 313వది తనిఖీ గురించి, అంటే నేరం ఆధారాల కోసం కాకుండా యూనిట్ సన్నద్ధత, క్రమశిక్షణ చూడటానికి జరిపేది. కమాండర్ దేన్ని తనిఖీ చేయవచ్చో అక్కడ పేరుపేరునా రాశారు: యూనిట్, సంస్థ, స్థావరం, ఓడ, విమానం, వాహనం. ఊళ్లో సైనికుడు సొంత సంతకంతో అద్దెకు తీసుకున్న అపార్ట్‌మెంట్ ఈ ఆరింటిలో దేనికిందికీ రాదు. "యూనిట్ అంటే మనుషులే కదా, మనుషులున్న చోటల్లా యూనిట్ ఉన్నట్టే" అని కమాండర్ల తరఫున ఒక వాదన వినిపిస్తూ ఉంటుంది. మనిషి వరకు ఆ మాట నిజమే. హాజరు, యూనిఫాం, కిట్, చివరికి మూత్ర పరీక్ష కూడా తనిఖీలో భాగమే. అంతమాత్రాన అతని పడకగది అల్మరా యూనిట్ అయిపోదు. "అద్దె భత్యం ప్రభుత్వం ఇస్తోంది కాబట్టి ఇల్లు ప్రభుత్వానిదే" అనేది ఇంకా బలహీనమైన వాదన. భత్యం జీతంతో పాటు వచ్చే డబ్బు. లీజు ఇంటి ఓనరుకూ సైనికుడికీ మధ్య ఒప్పందం. అందులో సైన్యం సంతకం ఉండదు.

తనిఖీ కుదరకపోతే సోదా సంగతేమిటి? దానికి 315వ నిబంధన ఉంది. నేరం ఆధారాలు ఫలానా చోట ఉన్నాయనడానికి సహేతుకమైన కారణం కనిపిస్తే కమాండరే జడ్జిలా సోదాకు అనుమతి ఇవ్వవచ్చు. కానీ అది సైనిక చట్టం కిందికొచ్చే మనుషుల మీద, సైన్యం ఆస్తుల మీద, సైన్యం అదుపులో ఉన్న చోట్లలో, విదేశంలోని ఆస్తుల మీద మాత్రమే చెల్లుతుంది. టెక్సాస్‌లోనో నార్త్ కరోలినాలోనో ఉన్న ప్రైవేటు ఇల్లు ఈ జాబితాలోనూ లేదు.

ఇంత కొలిచి రాయడానికి కారణం పశ్చిమ జర్మనీ బ్యారక్‌లు. వియత్నాం యుద్ధం ముగిసే రోజుల్లో అక్కడి అమెరికా దళాల్లో మత్తుమందులు విచ్చలవిడిగా పాకాయి. 1973 నాటి మత్తు నిరోధక కార్యక్రమం కింద చెప్పాపెట్టకుండా తనిఖీలు, వాసన పట్టే కుక్కలు, బట్టలు విప్పించి చూడటాలు మొదలయ్యాయి. సైనికులు వాషింగ్టన్‌లో కోర్టుకెక్కారు. 1974లో కింది కోర్టు జడ్జి గెసెల్ వాళ్ల పక్షాన తీర్పిచ్చారు. 1975లో అప్పీలు కోర్టు దాన్ని తిరగతిప్పి సైన్యం వైపు మొగ్గింది. ఆ తీర్పు సైన్యం గెలుపుగానే గుర్తుండిపోయింది. కానీ దాని తర్కమంతా బ్యారక్ మీద నిలబడింది. పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్లలో ఒకడి మత్తు రేపు మరొకడి ప్రాణం మీదికి తేవచ్చు, అక్కడ ఏకాంతం ఎలాగూ తక్కువే అన్నది దాని సారం. ఆలుబిడ్డలతో ఊళ్లో కాపురముండే ఇంటికి ఈ మాట అతకదు.

మరుసటి ఏడాదే కథ అడ్డం తిరిగింది. 1976లో రాబర్ట్స్ కేసులో సైనిక అప్పీళ్ల కోర్టు, మత్తుమందు కోసమే జరిపిన బ్యారక్ తనిఖీ అసలు తనిఖీయే కాదు, సోదా అంది. దొరికిన సరుకు సాక్ష్యంగా పనికిరాదని తేల్చింది. 1979లో ఎజెల్ కేసులో, పోలీసు పనిలో తానే దిగిన కమాండర్ తటస్థంగా అనుమతి ఇచ్చానని చెప్పుకోలేడని తేల్చారు. ఆ నాలుగేళ్లూ ఏ తనిఖీ కోర్టులో నిలుస్తుందో కమాండర్లకు అంతుబట్టలేదు. 313వ నిబంధన ఆ అయోమయానికి ముగింపు. మా దృష్టిలో అదొక బేరం. బ్యారక్‌లో, ఓడలో, గేటు దగ్గర కమాండర్‌కు విశాలమైన అధికారం ఇచ్చారు. బదులుగా చోట్ల పేర్లు రాసి హద్దు గీశారు. 1981లో మిడిల్టన్ కేసులో కోర్టు బ్యారక్ తనిఖీలకు మళ్లీ పచ్చజెండా ఊపింది. సగం బేరం చూపించి రెండో సగం దాచేవాళ్లే ఈ గొడవను మళ్లీ మళ్లీ లేపుతున్నారు.

గందరగోళానికి ఇంకో మూలం విదేశీ పోస్టింగులు. జర్మనీ, కొరియా, జపాన్‌లలో స్థావరం బయటి ఇంటి సోదాకు కూడా, తగిన కారణం ఉంటే, 315 కింద కమాండర్ అనుమతి ఇవ్వవచ్చు. ఆ దేశంతో ఉన్న ఒప్పందానికి లోబడి, స్థానిక అధికారులతో మాట్లాడుకుని చేయాలి. 1951 నాటి నాటో దళాల ఒప్పందం ఏడో అధికరణ ప్రకారం, స్థావరం బయట మిలిటరీ పోలీసు అడుగుపెట్టాలంటే ఆతిథ్య దేశంతో ఏర్పాటు ఉండాల్సిందే. అక్కడ మూడేళ్లు పనిచేసి వచ్చిన సార్జెంట్ "జర్మనీలో చేశాం కదా" అని ఇక్కడా తలుపు తడతాడు. అక్కడ జరిగింది కారణం చూపించి చేసిన సోదా. ఊరంతా తిరిగే తనిఖీ అక్కడా లేదు.

తర్వాత 2019. అంతకుముందు ఏడాది రాయిటర్స్ కథనాలు ప్రైవేటు కంపెనీల చేతిలోని సైనిక గృహాల్లో బూజు, సీసం రంగు, ఎలుకలు బయటపెట్టాయి. ఫిబ్రవరి 13న సెనేట్ కమిటీ విచారణ జరిగింది. ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ పెద్దలు కమాండర్లను ఇంటింటికీ పొమ్మన్నారు. వెళ్లింది సింకు కింద తడి చూడటానికి. ఉద్దేశం మంచిదే, చాలా కుటుంబాలు సంతోషంగానే తలుపు తీశాయి. కానీ "నూటికి నూరు ఇళ్లు" అన్న మాట అలవాటులోకి వచ్చేసింది. స్థావరంలోని గృహాలకు చెప్పిన మాటను ఊళ్లోని అద్దె ఇళ్లకూ చెల్లుతుందన్నట్టు వాడటం తేలికైంది.

సింకు చూడటానికి వచ్చిన కళ్లకు బల్ల మీదిది కూడా కనిపిస్తుంది. సరైన దారిన లోపలికొచ్చిన అధికారి కంటికి ఎదురుగా కనిపించినదాన్ని స్వాధీనం చేసుకోవడానికి 316వ నిబంధన ఒప్పుకుంటుంది. అందుకే "ఊరికే చూసిపోవడానికే" అన్న మాట అంత తేలిక కాదు. ఊళ్లో ఇంటి విషయంలో సరైన దారి దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ఇంట్లోవాళ్ల సమ్మతి.

సమ్మతి స్వచ్ఛందమని ప్రభుత్వమే స్పష్టమైన, నమ్మదగిన ఆధారంతో రుజువు చేయాలని 314వ నిబంధన చెబుతుంది. హోదాకు తలవంచడం సమ్మతి కాదు. 2008లో వాలెస్ కేసులో, ఇంటి సోదాకు ఒప్పుకున్న ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి కంప్యూటర్ పట్టుకుపోతుంటే వద్దన్నాడు. తీసుకెళ్లక తప్పదని ఏజెంట్లు అనేసరికి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం సమ్మతి కాదని కోర్టు అంది. అయినా, ఎలాగూ దొరికేదే అన్న వేరే సూత్రం మీద సాక్ష్యాన్ని ఉంచేసింది. అంటే తర్వాత కోర్టులో గెలుస్తామన్న ధీమాతో గుమ్మం దగ్గర మెత్తబడితే నష్టమే.

మన ఇళ్లల్లో ఇది మరీ చిక్కు. పౌరసత్వం లేకున్నా భాషా నైపుణ్యం ఉన్నవాళ్లను సైన్యంలో చేర్చుకున్న మావ్ని పథకం కింద చేరిన మనవాళ్ల ఇంటికి ఫస్ట్ సార్జెంట్ వస్తే, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటం మర్యాద కాదనిపిస్తుంది. "రండి, కాఫీ తాగుతారా" అనడం హాల్లోకి పిలవడమే. పడకగది తలుపు తీయమన్నట్టు కాదు, కానీ హాల్లో కనిపించేదంతా కనిపించినట్టే. భార్య సైనికురాలు కాకపోతే ఆమెకు కమాండర్ ఆదేశం వర్తించదు. 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, ఇద్దరిలో ఒకరు అక్కడే నిలబడి వద్దంటే, రెండోవారి ఒప్పుదల ఆ వద్దన్నవారి మీద చెల్లదు.

గుమ్మం దగ్గర అడగాల్సింది కాగితం. ఆర్మీలో సోదా అనుమతి డీఏ ఫారం 3745, దానికి ఆధారమైన అఫిడవిట్ 3744. ఎయిర్‌ఫోర్స్‌లో అనుమతి ఫారం 1176, సమ్మతి పత్రం 1364. 3745 గానీ 1176 గానీ చూపించి అమెరికాలోని ప్రైవేటు ఇంట్లోకి రాలేరు. 1364 మీద సంతకం పెడితే మాత్రం తలుపు మీరే తీసినట్టు. పనికొచ్చేది సివిల్ జడ్జి వారంట్. ఫెడరల్ అయితే ఏఓ 93 అనే ఫారం: జడ్జి సంతకం, చిరునామా, ఏం వెతుకుతారో జాబితా ఉంటాయి. 14 రోజుల్లోపు, జడ్జి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఉదయం 6 నుంచి రాత్రి 10 మధ్యనే అమలు చేయాలి. అది ఉంటే అడ్డుపడకూడదు. లేకపోతే బయటికి వచ్చి, తలుపు వెనక్కి చేరవేసి, "సర్, సోదాకు నేను ఒప్పుకోవడం లేదు" అని మర్యాదగా చెప్పి డిఫెన్స్ లాయర్‌కు ఫోన్ చేయాలి. తోపులాట వద్దు.

ఆత్మహత్యలు, గృహహింస, పిల్లల నిర్లక్ష్యం ఇంటి గోడల మధ్యే జరుగుతాయని కమాండర్లు చెబుతారు, అది కాదనలేం. వాటికి దారులున్నాయి. ప్రాణాపాయమైతే ఎవరైనా లోపలికి వెళ్లవచ్చు. అనుమానమైతే ఊరి పోలీసులను పంపవచ్చు. బ్యారక్‌లో ఉండాల్సిన చిన్న ర్యాంకు ఒంటరి సైనికుడికి బయట ఉండేందుకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు.

తలుపు తీయనన్నవాడి పేరొక్కటే సోమవారం మూత్ర పరీక్ష జాబితాలో కనిపిస్తే, 313లోని మరో భాగం పనికొస్తుంది. ఫిర్యాదు వచ్చిన వెంటనే, ముందే ఖరారు చేసుకోకుండా చేసినా, కొందరినే ఎంచినా, ఒకరిని మిగతావారికంటే తీవ్రంగా చూసినా, మత్తు వెతకడమే ఉద్దేశమైన ఆ పరీక్ష తనిఖీ పేరుతో చేసిన సోదా కాదని ప్రాసిక్యూషనే రుజువు చేసుకోవాలి. ఆ జాబితా కాపీని లాయర్ అదే రోజు అడిగి తీసుకోవాలి.