కుటుంబ కోర్టుకు, బాలల బోర్డుకు జడ్జి ఎక్కడి నుంచి వస్తారు? అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ కేసులు నడిపే న్యాయవాదిగా కక్షిదారుల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో న్యాయాధికారుల నియామకానికి సంబంధించినవే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: కుటుంబ కోర్టు జడ్జీలను ఆ పనికోసమే ప్రత్యేకంగా ఎంపిక చేస్తారు.

వాస్తవం: 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం 4వ సెక్షన్ చదివితే అలాగే అనిపిస్తుంది. న్యాయాధికారిగా గానీ హైకోర్టు న్యాయవాదిగా గానీ కనీసం ఏడేళ్ల అనుభవం ఉండాలని, పిల్లల సంక్షేమం పట్ల నిబద్ధతతోపాటు రాజీ, కౌన్సెలింగ్‌ల ద్వారా తగాదా తీర్చే నేర్పు ఉన్నవారిని చూసుకోవాలని, మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని, 62 ఏళ్లు దాటినవారు పనికిరారని అందులో ఉంది. ఆచరణలో మన రాష్ట్రంలో అది జిల్లా జడ్జీల కేడరులో ఒక పోస్టు మాత్రమే. నిన్నటిదాకా హత్య కేసులు విచారించినవారు బదిలీపై వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు. భార్యాభర్తలను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడంలో చెయ్యి తిరిగే సమయానికి వారికి మళ్లీ బదిలీ అవుతుంది. పైగా చాలాచోట్ల వారే అదనపు జిల్లా జడ్జి కూడా కావడంతో సెషన్స్ కేసులూ అప్పీళ్లూ అదే బల్ల మీదికి చేరుతాయి. ఖాళీ పోస్టు అందరికీ కనబడుతుంది కాబట్టి దాని గురించే మాట్లాడతాం గానీ, నా దృష్టిలో అంతకంటే పెద్ద లోపం ఇదే.

అపోహ: ఇన్‌ఛార్జి జడ్జి ఉన్నారంటే కోర్టు నడుస్తున్నట్టే.

వాస్తవం: అధికారం రీత్యా అది నిజమే. అయితే అదనపు బాధ్యత తీసుకున్నవారికి సొంత కోర్టు పని ఎలాగూ ఉంటుంది కనుక, అత్యవసర పిటిషన్లూ పరస్పర అంగీకారపు విడాకులూ కదులుతాయి; సాక్షులను ఎదుటి పక్షం ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్ చేయవలసిన కేసులు మాత్రం వాయిదా మీద వాయిదా పడతాయి. చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లిన భర్తకు ఒక వాయిదా అంటే రానుపోను రైలు ఖర్చులు, అన్ని రోజుల కూలీ. ఇచ్ఛాపురం నుంచి వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే భార్యకూ ఆ రోజు పోయినట్టే.

అపోహ: కొత్త జడ్జి వస్తే కేసు మొదటికి వస్తుంది.

వాస్తవం: రాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరు 15వ రూలు ప్రకారం, ముందున్న జడ్జి నమోదు చేసిన సాక్ష్యం ఆధారంగా కొత్తవారు కేసును కొనసాగించవచ్చు. వాదనలు విని తీర్పు చెప్పకముందే బదిలీ అయితే మాత్రం ఆ వాదనలు మళ్లీ వినిపించక తప్పదు.

అపోహ: సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెడితే జడ్జిని వేస్తారు.

వాస్తవం: కొత్త కోర్టు మంజూరు, దానికి నిధులు ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఉన్న కోర్టుకు ఎవరిని పంపాలన్నది మాత్రం రాజ్యాంగం 235వ అధికరణం కింద హైకోర్టు నిర్ణయం. కాబట్టి బార్ అసోసియేషన్ వినతిపత్రం ప్రధాన జిల్లా జడ్జి ద్వారా హైకోర్టుకే వెళ్లాలి. ఇంకో సంగతి: 10 లక్షలకు మించిన జనాభా గల నగరంలోనే కుటుంబ కోర్టు ఏర్పాటు తప్పనిసరి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు ఆ లెక్కలోకి రావు. ఇలాంటి చోట్ల ప్రభుత్వం అవసరాన్ని బట్టి ఏర్పాటు చేస్తుంది.

అపోహ: తప్పుచేసిన పిల్లల కేసును జడ్జి ఒక్కరే తేలుస్తారు.

వాస్తవం: 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ఆ కేసులు చూసేది ముగ్గురు సభ్యుల బోర్డు. కనీసం మూడేళ్ల అనుభవం ఉన్న మేజిస్ట్రేటు ఒకరు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు; ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. మేజిస్ట్రేటు లేని రోజున కూడా బోర్డు కూర్చోవచ్చు గానీ, కేసును తుదిగా ముగించేటప్పుడు ఆయనతో కలిపి కనీసం ఇద్దరు ఉండాలి. అందువల్ల మేజిస్ట్రేటు స్థానం ఖాళీ అయితే కేసులు చివరి మెట్టు దగ్గర నిలిచిపోతాయి. ఇక్కడ చట్టం ఒక మంచి పని చేసింది: గరిష్ఠ శిక్ష మూడేళ్లకు మించని చిన్న నేరాల్లో, నాలుగు నెలలకు మరో రెండు నెలల పొడిగింపు ఇచ్చినా విచారణ తేలకపోతే ఆ కేసు ముగిసిపోతుంది. ఆలస్యపు భారం పిల్లవాడిపై పడదు.

ఇక ఆ ఇద్దరు సామాజిక కార్యకర్తలను నియమించేది హైకోర్టు కాదు, రాష్ట్ర ప్రభుత్వం. వారి పదవీకాలం మూడేళ్లకు మించదు. సంరక్షణ అవసరమైన బాలల కేసులు చూసే బాలల సంక్షేమ కమిటీలోని అధ్యక్షుడిని, నలుగురు సభ్యులను నియమించేదీ ప్రభుత్వమే. ఈ స్థానాలు ఖాళీ అయినప్పుడు కలెక్టరుకు ఇచ్చే అర్జీ సరైన చోటికే చేరుతుంది.