హ్యూమన్ సెంటర్డ్ డిజైన్: రోజువారీ ప్రొడక్ట్ పనిలో అపోహలు - వాస్తవాలు

చాలా ఆఫీసుల్లో హ్యూమన్ సెంటర్డ్ డిజైన్ అంటే ఏడాదికోసారి జరిగే వర్క్‌షాప్. గోడ నిండా రంగురంగుల స్టిక్కీ నోట్లు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం గ్రూప్ ఫోటో. మర్నాడు మీటింగులో మళ్లీ ‘ఈ ఫీచర్ శుక్రవారానికల్లా రిలీజ్ అయిపోవాలి’. నిజానికి దీనికి ఐఎస్ఓ 9241-210 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, 2019లో సవరించారు కూడా. అందులోని అసలు సంగతి సాదాసీదాగానే ఉంటుంది: వాడేది ఎవరు, ఏ పని కోసం, ఎక్కడ ఉండి వాడతారు అన్నది తెలుసుకుని మొదలుపెట్టాలి. వాళ్లచేత వాడించి చూసి, దిద్దుకుంటూ పోవాలి. ఈ పనిలో నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: యూజర్లను అడిగితే ఏం కావాలో వాళ్లే చెప్తారు.

చెప్పరు. చాలాసార్లు చెప్పలేరు కూడా. పైగా మనవాళ్లకు మొహమాటం ఎక్కువ. స్క్రీన్ చూపించి ‘ఎలా ఉందండీ?’ అంటే ‘బాగానే ఉంది బాబూ’ అంటారు, టీ కూడా ఇస్తారు. ఆ జవాబుతో మనం చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఒక పని అప్పజెప్పండి: ‘మీ చెల్లెలికి ఐదొందలు పంపండి.’ ఆ తర్వాత నోరు మెదపకండి. వినడానికి తేలికే గానీ, వాడుతున్నావిడ బొటనవేలు తప్పు బటన్ మీద తచ్చాడుతుంటే ‘పైన నొక్కండమ్మా’ అనకుండా కూర్చోవడం మహా కష్టం. ఆ వేలు ఎక్కడ ఆగిందో రాసుకోండి, దిద్దాల్సింది అక్కడే.

కిరాణా కొట్లలో డబ్బులు పడగానే గట్టిగా చెప్పే సౌండ్‌బాక్స్‌నే తీసుకోండి. కొట్టాయన ఒక చేత్తో కందిపప్పు తూస్తుంటాడు, ఇంకో చేత్తో చిల్లర ఇస్తుంటాడు, ముందు నలుగురు నిలబడి ఉంటారు. ఇక ఫోన్ తీసి మెసేజ్ ఎప్పుడు చూస్తాడు? కస్టమర్ చూపించిన స్క్రీన్‌నే నమ్మాలి, అందులో నకిలీవీ ఉంటాయి. ‘మీకేం కావాలి?’ అని అడిగితే ‘మెసేజ్ తొందరగా వస్తే చాలు’ అనేవాడేమో. మాట్లాడే డబ్బా కావాలని ఎవరడుగుతారు? కౌంటర్ పక్కన ఒక గంట నిలబడితే మాత్రం ఆ అవసరం ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: రీసెర్చ్‌కి వందలమంది కావాలి, అంత టైమ్ లేదు.

యూజబిలిటీ (వాడకంలో తేలిక) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే ఐదుగురు చాలన్నాడు. సగటున ఒక్కో యూజర్‌తో 31 శాతం సమస్యలు బయటపడితే, ఐదుగురితో దాదాపు 85 శాతం దొరుకుతాయని ఆయన లెక్క. జనం ఇందులో సగమే గుర్తుపెట్టుకున్నారు. ఆయన చెప్పింది ఐదుగురితో చూసి, దిద్ది, మళ్లీ ఇంకో ఐదుగురితో చూడమని. రైతులూ డీలర్లూ ఇద్దరూ వాడే యాప్ అయితే వాళ్లతో వేరుగా, వీళ్లతో వేరుగా చూడాలి. ‘ఎంత శాతం మంది ఈ స్క్రీన్ దగ్గర మానేస్తున్నారు?’ అన్న ప్రశ్నకు మాత్రం ఐదుగురు పనికిరారు, డేటా తీయాల్సిందే. ఆ ఐదుగురూ పక్క టీమ్ వాళ్లయితే అసలు లెక్కలోకే రారు.

అపోహ: ఇదంతా డిజైనర్లు చూసుకుంటారు.

రాత్రి పదకొండింటికి డెవలపర్ హడావుడిగా రాసిన ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అనే ఎర్రర్ మెసేజ్ కూడా డిజైనే. యూపీఐ పేమెంట్ మధ్యలో ఆగితే మనిషికి వచ్చే టెన్షన్ ఒక్కటే: నా డబ్బులు ఏమయ్యాయి? ఖాతాలో కట్ అయి అవతలి వ్యక్తికి చేరకపోతే మర్నాటికల్లా వాటంతటవే వెనక్కి రావాలని 2019 నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు పరిహారం. మరి స్క్రీన్ మీద ‘డబ్బులు కట్ అయ్యాయి, అవతలివారికి చేరలేదు, రేపటిలోగా తిరిగి వస్తాయి, మళ్లీ పంపకండి’ అని రాయడానికేం? ఆ మాట రాయాలంటే లావాదేవీ ఏ దశలో ఆగిందో బ్యాకెండ్ వాళ్లు (సర్వర్ వైపు పని చూసేవాళ్లు) పంపాలి, గడువు ఆపరేషన్స్ వాళ్లు చెప్పాలి. డిజైనర్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

అపోహ: తెలుగు ఆప్షన్ పెట్టేశాం కదా.

ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా లైన్ ఎత్తు పెట్టి, అందులో తెలుగు పోస్తే ‘రాష్ట్రం’లో ఒత్తులు కింద తెగిపోతాయి. బటన్ మీద పదం సగానికి మూడు చుక్కలు పడతాయి. చవక ఫోన్‌లో ఫాంట్ సైజు పెంచి చూస్తే గానీ ఇవి బయటపడవు. సెర్చ్ సంగతి ఇంకా ఉంది. మనలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తో. కందిపప్పు కోసం వెతికేవాళ్లు ఏ స్పెల్లింగ్ కొట్టినా కందిపప్పే కనిపించాలి.

అపోహ: పెద్దవాళ్లు, వికలాంగుల కోసం మార్పులు తర్వాత చూసుకోవచ్చు.

అమెరికాలో వంటింటి సామాన్ల వ్యాపారి శామ్ ఫార్బర్ భార్య చేతులకు కీళ్లవాతం. చెక్కు తీసే మామూలు పీలర్ ఆమెకు పట్టుకోవడం కష్టమైంది. ఆ ఇబ్బంది నుంచే లావుపాటి మెత్తని పిడితో ఆక్సో బ్రాండ్ వంటింటి సామాన్లు 1990లో వచ్చాయి. కొన్నది కీళ్లనొప్పులున్నవాళ్లు మాత్రమే కాదు.

అపోహ: యూజర్ వైపే చూస్తే బిజినెస్ దెబ్బతింటుంది.

ముందే టిక్ పెట్టిన ఇన్సూరెన్స్‌తో ఈ నెల టార్గెట్ దాటొచ్చు. ఆ తర్వాత కస్టమర్ కేర్‌కు వచ్చే కాల్స్ ఖర్చు మాత్రం వేరే టీమ్ ఖాతాలో పడుతుంది, అందుకే ఎవరికీ కనపడదు. పైగా ఇప్పుడిది చట్టంతో ముడిపడిన విషయం. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి 13 మోసపు పద్ధతులను డార్క్ ప్యాటర్న్‌ల పేరుతో నిషేధించింది. అడగకుండా బుట్టలో వస్తువు కలిపేయడం వాటిలో ఒకటి, సబ్‌స్క్రిప్షన్ మానేయడాన్ని కష్టం చేయడం ఇంకొకటి. ‘మా రిటెన్షన్ సూపర్’ (అంటే కస్టమర్లు మానేయకుండా ఉండిపోతున్నారు) అని సంబరపడే టీమ్ కనిపిస్తే, నేను ముందు అడిగేది క్యాన్సిల్ బటన్ ఎక్కడుందో చూపించమనే.